పాత ఇంటి మొజాయిక్ ముక్కలు, మూడు పౌండ్ల రాక్ టంబ్లర్: నాలుగు నెలల వాడకం తరువాత

టంబ్లర్ అన్న మాట వినగానే మన ఇళ్ళలో కాఫీ గ్లాసు గుర్తుకు వస్తుంది కాబట్టి, నేను ఇక్కడ పరిచయం చేస్తున్న వస్తువు ఏమిటో ముందుగా చెప్పాలి. రెండు రోలర్ల మీద అడ్డంగా పడుకోబెట్టిన ఒక రబ్బరు డ్రమ్ము, దానిని రాత్రింబవళ్ళు నెమ్మదిగా తిప్పే చిన్న మోటారు, మోటారుకూ రోలరుకూ మధ్య ఒక సన్నని బెల్టు, యంత్రం మొత్తం ఇంతే. డ్రమ్ములో రాళ్ళు, నీళ్ళు, గరుకు పొడి వేసి మూత బిగించి వదిలేస్తే, రాళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లుతూ వారాల తరబడి అరిగి నునుపెక్కుతాయి. ఇటువంటి యంత్రాలు దాదాపు ఒకే నిర్మాణంతో రకరకాల పేర్ల మీద అమ్ముడవుతున్నాయి కాబట్టి, పెట్టె మీద ఉన్న పేరు కంటే యంత్రం లక్షణాలు రాయడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. నా దగ్గర ఉన్నది మూడు పౌండ్ల, అంటే సుమారు 1.36 కిలోల, ఒంటి డ్రమ్ము యంత్రం. అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు సెలవులకు వస్తూ తెచ్చింది.

దీనిని సాధారణంగా అగేటు, జాస్పరు వంటి గట్టి రాళ్ళ కోసం కొంటారు. నేను వాడినది కాంక్రీటు కోసం. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న పాత ఇల్లు గత ఏడాది పడగొట్టవలసి వచ్చినప్పుడు, వరండాలోని మొజాయిక్ గచ్చు పెచ్చులు, స్లాబు ముక్కలు కొన్ని, వెనుక వంటింటి గోడలోని గానుగ సున్నం ముద్దలు కొన్ని రెండు గోనె సంచుల్లో హైదరాబాదుకు తెచ్చుకున్నాను. వాటిని గులకరాళ్ళలా చేసి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ తలా కొన్ని పంచుదామన్నది ఉద్దేశం. యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో కాంక్రీటు ప్రస్తావనే లేదు, ఒకే డ్రమ్ములో గట్టి రాళ్ళనూ మెత్తని రాళ్ళనూ కలపవద్దన్న హెచ్చరిక మాత్రం ఉంది. ఆ ఒక్క వాక్యంలోనే నా నాలుగు నెలల కష్టానికి కారణం దాగి ఉందని అప్పట్లో గ్రహించలేదు.

ముందుగా విద్యుత్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో చాలామందికి ఈ యంత్రం నాకు వచ్చినట్లే అమెరికా నుంచి సూట్‌కేసులో వస్తుంది. అక్కడి యంత్రం 110 వోల్టుల, 60 హెర్ట్జ్‌ల కరెంటుకు తయారైనది, మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొని పెడితే వోల్టేజి సరిపోతుందిగాని మోటారు వేగాన్ని నిర్ణయించే హెర్ట్జ్‌లు మారవు. అందువల్ల ఇటువంటి చిన్న ఏసీ మోటారు తన అసలు వేగంలో ఆరింట ఐదు వంతులే తిరుగుతుంది, పైగా కాస్త ఎక్కువగా వేడెక్కుతుంది. డ్రమ్ము మీద చాక్‌పీసుతో గీత గీసి గడియారం పెట్టుకుని లెక్కపెడితే, పుస్తకంలో నిమిషానికి 40 చుట్లని ఉన్నచోట నాకు 33 వచ్చాయి. దీనివల్ల పని చెడిపోదు, ఆలస్యమవుతుంది అంతే. మోటారు మీద 30 వాట్లని రాసి ఉంది కాబట్టి నెల పొడవునా ఆగకుండా తిరిగినా ఇరవై యూనిట్ల చిల్లర మాత్రమే ఖర్చు, ట్రాన్స్‌ఫార్మరు మింగేది దానికి అదనం.

పద్ధతి నాలుగు దశలుగా ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది. మొదట 60/90 నంబరు సిలికాన్ కార్బైడు, అంటే మన దుకాణాల్లో కార్బొరండం అని అడిగే పొడి, తరువాత 120/220, ఆ తరువాత 500, చివరగా అల్యూమినియం ఆక్సైడు పాలిష్ పొడి. గట్టి రాళ్ళకైతే ఒక్కొక్క దశకు సుమారు వారం పడుతుంది. డ్రమ్ములో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ముక్కలు నింపి, పై వరుస ముక్కలు కొద్దిగా తేలి కనిపించేంత వరకు నీళ్ళు పోసి, నాలుగు టేబుల్ స్పూన్ల పొడి వేయాలి. ప్రతి దశ తరువాత ముక్కలనూ డ్రమ్మునూ మూతనూ శుభ్రంగా కడగాలి, ఎందుకంటే ముందు దశ గరుకు పొడి రవ్వ ఒక్కటి మిగిలినా తరువాతి దశలో గీతలు పడతాయి. పొడులు యంత్రంతో కొద్దిగానే ఇస్తారు. అవి అయిపోయాక సికింద్రాబాదు రాణీగంజ్‌లో కిలోల లెక్కన కొన్నాను, కంపెనీ ప్యాకెట్లతో పోలిస్తే ధర ఎంతో తక్కువ, పనిలో తేడా నాకు కనిపించలేదు.

మొదటి విడతలో స్లాబు ముక్కలు వేశాను. సుత్తితో కొట్టేటప్పుడు ముక్కలను తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఎండు కాంక్రీటు నుంచి లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఇనుప చువ్వ గాని బైండింగ్ వైరు గాని ఉన్న ముక్కలను పక్కన పెట్టాలి, లేకపోతే అవి డ్రమ్ము రబ్బరును కోస్తాయి, తుప్పు మరక కూడా వదులుతుంది. వేసినది సరిగ్గా కిలో. మూడో రోజు మూత తీసేసరికి లోపల బూడిద రంగు బురద దోసెల పిండి కంటే చిక్కగా పేరుకుని ఉంది, అంత చిక్కదనంలో ముక్కలు దొర్లవు, కేవలం జారుతాయి. అగేటుకైతే వారం రోజులు తెరవనవసరం లేదని చెప్పే సలహా కాంక్రీటుకు వర్తించదు, ఎందుకంటే సిమెంటు తొందరగా అరిగి నీటిని చిక్కబరుస్తుంది. రెండు రోజులకొకసారి నీళ్ళూ పొడీ మార్చుకుంటూ పది రోజులు తిప్పాక 640 గ్రాములు మిగిలాయి. ఆకారం మాత్రం చక్కగా వచ్చింది, ప్రతి ముక్కా ఏటి ఒడ్డున దొరికే గులకరాయిలా గుండ్రంగా తేలింది.

అయితే తడి ఆరిన తరువాత అసలు రూపం బయటపడింది. మన స్లాబులో వాడే కంకర గ్రానైటు, అందులోని క్వార్ట్‌జ్ గట్టితనం, రాళ్ళను 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో, 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. దాని చుట్టూ ఉన్న సిమెంటు అందులో సగం గట్టితనమైనా లేనిది. రెంటినీ ఒకే పొడి ఒకే సమయంలో రాస్తున్నప్పుడు సిమెంటు ముందు అరిగిపోయి కంకర పైకి పొడుచుకు వస్తుంది. పైగా కంకర చుట్టూ తల వెంట్రుక మందం కంటే సన్నని పొర ఒకటి మిగతా సిమెంటు కంటే గుల్లగా, బలహీనంగా ఉంటుంది కాబట్టి అరుగుదల సరిగ్గా అక్కడే మొదలై, ప్రతి కంకర రాయి చుట్టూ ఒక చిన్న కందకం ఏర్పడుతుంది. ఆ కందకాల్లోనూ గాలి బుడగల గుంతల్లోనూ దాక్కున్న 60 నంబరు రవ్వలు, బ్రష్షుతో ఎంత తోమినా పోక, 500 దశలో మెల్లగా బయటకు వచ్చి మొత్తం విడతను గీతలు గీసి పెట్టాయి. నాలుగు దశలూ పూర్తి చేశాక చేతికి వచ్చినవి తడిగా ఉన్నంతసేపు అందంగా, ఆరగానే సుద్ద పూసినట్లుగా కనిపించే రాళ్ళు.

కాంక్రీటు నేలలను మెరిపించే గుత్తేదారులు వాడే సిలికేటు ద్రావణం తెచ్చి, రెండో దశ తరువాత ముక్కలను అందులో నానబెట్టి ఆరబెట్టి మళ్ళీ తిప్పి చూశాను. సిమెంటులో మిగిలి ఉన్న సున్నంతో ఆ సిలికేటు కలిసి సిమెంటును గట్టిపరిచే పదార్థాన్నే మరికొంత తయారు చేస్తుంది కాబట్టి, పైపొర పొడి రాలడం ఆగింది, రంగు కాస్త చిక్కబడింది. మెరుపు మాత్రం రాలేదు. కంకర గట్టితనానికి సిమెంటును చేర్చే శక్తి ఏ ద్రావణానికీ లేదని ఒప్పుకుని ఆ ప్రయత్నం మానేశాను.

ఈ దశలో ఊరికి వెళ్ళినప్పుడు, ఒకప్పుడు మా ప్రాంతమంతా మొజాయిక్ గచ్చులకు పాలిష్ పట్టి ఇప్పుడు పని మానుకున్న ఒక పెద్ద మేస్త్రిని కలిశాను. జేబులోంచి రెండు ముక్కలు తీసి చూపిస్తే ఆయన బొటనవేలితో రాసి చూసి వెనక్కి ఇచ్చేశారు. "దీనికి మెరుపు రాదు బాబుగారూ. ఇందులో రాయి మొండిది, సిమెంటు మెత్తది, రెంటికీ పొత్తు కుదరదు. మొజాయిక్కులో చిప్సూ సిమెంటూ ఒకే జాతి, అందుకే పాలిష్ రాయి పెడితే రెండూ కలిసి అరుగుతాయి," అన్నారు. "అయితే మేస్త్రిగారూ, సన్నబొక్కల సంగతేమిటి?" అని అడిగితే, మొదటి రాయి పట్టగానే సిమెంటు పాలు పూసి వారం రోజులు తడపకుండా రెండో రాయి ఎవరైనా పడతారా అని నన్నే ఎదురు ప్రశ్నించారు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో దొరకని సమాధానం ఆ రెండు మాటల్లో దొరికింది. మొజాయిక్ చిప్స్ పాలరాతివి, పాలరాయి గట్టితనం 3, తెల్ల సిమెంటు దానికి ఎంతో దూరంలో ఉండదు.

రెండో విడతలో వరండా పెచ్చులు వేశాను. బరువు 940 గ్రాములు. ఇవి మెత్తనివి కాబట్టి 60/90 దశను మూడు రోజులకే ఆపి, ముక్కలను కడిగి, సన్నబొక్కల్లోకి తెల్ల సిమెంటు ముద్దను వేలితో రాసి నింపి, ఏడు రోజులు బకెట్టు నీళ్ళలో ఉంచాను. ఈ పనికి చేతి తొడుగులు వేసుకోవాలి, తడి సిమెంటు క్షారగుణం చర్మాన్ని కాలుస్తుంది. ఆ తరువాత 120/220 నాలుగు రోజులు, 500 ఆరు రోజులు. మూడో దశ నుంచి ముక్కల మధ్య మెత్తగా ఉండటానికి ప్లాస్టిక్ గుళికలు కలిపాను, అవి లేకపోతే పాలరాయి అంచులు దెబ్బ తగిలిన చోట తెల్లగా నలిగిపోతాయి. 500 దశ చివర మూత తీసినప్పుడు నీళ్ళు పలుచని మజ్జిగలా ఉన్నాయి, లోపలినుంచి తీసిన ముక్కలు సబ్బు బిళ్ళల్లా చేతిలోంచి జారిపోయాయి. పాలిష్ పొడితో వారం తిప్పాక వచ్చినది పట్టులాంటి మెరుపు, అద్దంలాంటిది కాదు. అద్దపు మెరుపు కోసం మేస్త్రిగారు చెప్పినట్లు ఆగ్జాలిక్ ఆసిడ్ పొడి కొద్దిగా చల్లి, తడి గుడ్డతో ఒక్కొక్క ముక్కనూ చేత్తో రుద్దాను. అది విషపూరితం కాబట్టి తొడుగులు తప్పనిసరి. డ్రమ్ములో వేయాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు, ఎందుకంటే పాలరాతితో ఆమ్లం కలిసినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడు మూసిన డ్రమ్ములో ఒత్తిడి పెంచుతుంది.

ఈ విడతలో ఒక ముక్క నా బల్ల మీద ఇప్పుడు కూడా ఉంది. కోడిగుడ్డులో సగం ఉంటుంది. మొజాయిక్ గచ్చు వేసేటప్పుడు అడుగున సన్న కంకర కాంక్రీటు, దాని మీద వేలి మందాన చిప్స్ పొర వేస్తారు. నేను విడదీయడం మరచిపోయిన ఈ ముక్కలో రెండు పొరలూ ఉన్నాయి. పై సగంలో ఆకుపచ్చ, తెలుపు, నలుపు చిప్స్ ఒక్క మట్టంలో మెరుస్తూ కిటికీ ఊచల నీడ కూడా పట్టి చూపుతున్నాయి. కింది సగంలో గ్రానైటు గింజలు దానిమ్మ గింజల్లా పొడుచుకు వచ్చి, వాటి మధ్య సిమెంటు లోపలికి కుంగి, వేలికి గరుగ్గా తగులుతోంది. ఒకే డ్రమ్ము, ఒకే పొడి, ఒకే ఇరవై రోజులు. ఈ యంత్రం కాంక్రీటును పాలిష్ చేస్తుందా అని అడిగినవారికి నేను జవాబు చెప్పకుండా ఈ ముక్కను చేతిలో పెడుతున్నాను.

మూడో విడత గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. గానుగ సున్నం ముద్దలు రెండు రోజుల్లో పూర్తిగా బురదైపోయి, అందులోని ఇసుకా రెండు ఇటుక రాయి ముక్కలూ మాత్రమే మిగిలాయి. కుతూహలం కొద్దీ మా అపార్టుమెంటు మరమ్మతులో మిగిలిన ఏఏసీ బ్లాకు, అంటే గోడలు కట్టే తేలికపాటి గుల్ల సిమెంటు ఇటుక, ముక్క కూడా వేశాను, అది నీళ్ళ మీద తేలింది.

ఆ ఏఏసీ బ్లాకుతో సంబంధమున్న ఒక ప్రమాదం గురించి మాత్రం వివరంగా రాయాలి. మొజాయిక్ గచ్చులో గడులు విడదీయడానికి గాజు పట్టీలు గాని, ఇత్తడి పట్టీలు గాని, అల్యూమినియం పట్టీలు గాని నిలబెడతారు. మా వరండాలో మధ్య గడులకు గాజు, గుమ్మం దగ్గర అల్యూమినియం ఉన్నాయి. అల్యూమినియం పట్టీ ఉన్న రెండు ముక్కలు చూడటానికి బాగున్నాయని అలాగే వేశాను. మర్నాడు ఉదయానికి డ్రమ్ము రబ్బరు మూత పూరీలా ఉబ్బి ఉంది. సిమెంటు నీటి క్షారగుణానికి అల్యూమినియం కరిగి హైడ్రోజన్ వాయువు విడుదల చేస్తుంది, ఏఏసీ బ్లాకుల్లో ఆ గుల్లతనం తెప్పించడానికి అల్యూమినియం పొడి కలిపేది సరిగ్గా ఈ చర్య కోసమే. హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి డ్రమ్మును బాల్కనీలోకి తీసుకువెళ్ళి, ముఖానికి దూరంగా పెట్టి, మూతను అంచు నుంచి కొద్దికొద్దిగా లేపి వాయువు పోనిచ్చాను. అల్యూమినియం ఉన్న ముక్కలను వాడకపోవడమే మంచిది. గాజు పట్టీ ఉన్నవి ప్రమాదం కాదుగాని, గాజు అంచులు పెచ్చులు లేచి మిగతా ముక్కలను గీస్తాయి.

యంత్రం మన్నిక విషయంలో నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అది బెల్టు. రెండో నెలలో గాలివాన వచ్చిన రాత్రి కరెంటు పోయి అయిదు గంటల తరువాత వచ్చింది. ఈ లోపల కాంక్రీటు బురద అడుగున కూర్చుని ముక్కలను పట్టుకుని ఒకే ముద్దగా బిగుసుకుంది. అగేటు బురద ఇంత త్వరగా పేరుకోదు. కరెంటు రాగానే మోటారు తిరగబోయింది, బరువంతా ఒక పక్కనే ఉన్న డ్రమ్ము కదలలేదు, బెల్టు జారి జారి వేడెక్కి తెగింది. అమ్మినవారికి రాస్తే భారతదేశానికి విడిభాగాలు పంపబోమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. చివరకు కుట్టు మిషన్ మోటార్లకు వేసే బెల్టుల్లో కొలత సరిపోయినది ఒకటి దొరికింది, రెండు నెలలుగా అదే నడుస్తోంది. ఇప్పుడు కరెంటు పోతే మర్చిపోకుండా ప్లగ్గు తీసేసి, వచ్చాక డ్రమ్మును చేత్తో నాలుగుసార్లు గట్టిగా ఊపి, లోపల ముక్కలు కదిలిన చప్పుడు విన్న తరువాతే మళ్ళీ పెడుతున్నాను. డ్రమ్ము రబ్బరు, మూత, రోలర్లు నాలుగు నెలల తరువాత కూడా మొదటి రోజులాగే ఉన్నాయి, నీళ్ళు కారలేదు.

చప్పుడు గురించి కూడా అడుగుతారు. రబ్బరు డ్రమ్ము కాబట్టి పక్క గదిలోకి వినబడేది దూరాన గ్రైండరు తిరుగుతున్నట్లుండే మంద్రమైన ధ్వని మాత్రమే, అయితే అది నెల రోజులపాటు ఆగదు. నేను వాష్ ఏరియాలో నేల మీద పెడితే కింది అంతస్తువారు మూడో రోజే పైకి వచ్చారు. పాత పరుపు ముక్క మడిచి అడుగున వేశాక వారికీ నాకూ శాంతి లభించింది. మిగిలిన బురదను ఎట్టి పరిస్థితుల్లోనూ సింకులో గాని బాత్‌రూము గొట్టంలో గాని పోయకూడదు, అది గొట్టం వంపుల్లో కూర్చుని గట్టిపడితే గోడ పగలగొట్టవలసి వస్తుంది. నేను ఒక పాత పెయింటు డబ్బాలో పోసి, పైన తేటనీరు ఒంపి, మిగిలిన ముద్దను ఎండబెట్టి రాళ్ళూ రప్పలతోపాటు పారవేస్తున్నాను.

ఇక ఎవరు కొనవచ్చునన్న సంగతి. పడగొడుతున్న ఇంటి స్లాబు ముక్కలను గుర్తుగా దాచుకుందామనుకునేవారు, మెరుపు ఆశించకుండా గులకరాయి ఆకారం చాలుననుకుంటే, మొదటి రెండు దశలతో ఆపి సిలికేటు పట్టించి తృప్తి పడవచ్చు. దానికోసం ఇంత యంత్రం కొనడం నా దృష్టిలో దండగ. ఇంట్లో మొజాయిక్ గచ్చు ఉండి, దాన్ని తీసి టైల్స్ వేయించబోతున్నవారికి మాత్రం నిస్సంకోచంగా చెబుతాను, కొనండి. అది లేనివారు తెల్ల సిమెంటులో పాలరాతి చిప్స్ కలిపి ఐస్ ట్రేలో పోతపోసి, 28 రోజులు తడి ఆరకుండా క్యూరింగు చేసి తిప్పినా దాదాపు అదే ఫలితం వస్తుంది. నేను అలా చేసిన పన్నెండు ముక్కల్లో తొమ్మిది బాగా వచ్చాయి, ఒక వారం ముందే తొందరపడి వేసిన మూడు మాత్రం చిప్స్ ఊడి గుంతలు పడ్డాయి.

అమెరికా నుంచి తెప్పించుకునేవారు యంత్రం అడుగున ఉన్న చీటీ ఫొటో ముందే పంపమని అడగండి. దాని మీద 50/60 హెర్ట్జ్ అని ఉంటే వేగం సంగతి అమ్మేవారినే అడిగి తెలుసుకోవచ్చు, 60 మాత్రమే ఉంటే పైన చెప్పిన ఆలస్యానికి సిద్ధపడాలి. అదే సూట్‌కేసులో రెండు అదనపు బెల్టులు కూడా పెట్టమని చెప్పండి, అగ్గిపెట్టెడు చోటు కూడా పట్టవు.